తడి లేని గోడ

సెప్టెంబరు 19, శుక్రవారం. రాత్రి వాన పడి పొద్దుటికి వెలిసింది. ఉన్నవాళ్లు: నేను, ఇంజనీరు, జీపు డ్రైవరు, కండెలు చుట్టే షెడ్డు ఆమె, ఆమె భర్త (పదకొండు దాకా నిద్రలో).

ఆ రోజు డైరీ పేజీ మొదట్లో ఉన్నది ఇదే. ఎవరెవరు ఉన్నారో ముందు రాసి తర్వాత పని సంగతి రాయడం నాకు ఉద్యోగంలో చేరిన మొదటి నెల నుంచి అలవాటు. రేపు ఎవరైనా అడిగితే చెప్పడానికి, చూసిన మనుషులు ఎవరో కాగితం మీద ఉండాలి. కంపెనీకి రాసిచ్చే రిపోర్టు వేరు. డైరీ ఇంట్లో ఉంటుంది, నాకోసం.

నా పని బ్రిడ్జీల కింద. రోడ్డు మీద పోయేవాళ్లు చూసేది పైభాగం. దాన్ని మోసే పిల్లర్లు, ఆ చివర ఈ చివర నిలబడే గోడలు, అవి దిగిన నేల, ఇవన్నీ చూసి రాయడం మా పని. ఏడాదికి ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టాక. మా నాయన మరమగ్గాల మీద, మా వాళ్ల మాటలో సాంచాల మీద, పనికి కోరుట్ల దిక్కు నుంచి సూరత్ వచ్చినవాడు. నేను డిప్లొమా చదివి, సర్కారు రోడ్లను కాంట్రాక్టు మీద తనిఖీ చేసే ఒక కంపెనీలో కుదిరాను. మా అమ్మకు నా ఉద్యోగం ఏమిటో చివరిదాకా అంతు పట్టలేదు. ఊరి నుంచి ఎవరైనా అడిగితే, "బిర్జి కింద గోడలు కొట్టుకుంట తిరుగుతడు" అని చెప్పేది. అది అబద్ధం కాదు. సుత్తితో కొడితే మంచి కాంక్రీటు గణగణమంటుంది, లోపల పొట్టు లేచింది ఖాళీ కుండలా పలుకుతుంది. మాకు చూపు కంటే చెవి ముఖ్యం.

ఆ శుక్రవారం మేం పోయింది సూరత్ బయట కడోదరా దగ్గర ఒక చిన్న బ్రిడ్జికి. పైన హైవే, కింద ఒక పల్లె రోడ్డు. రెండు చివర్లలో రెండు ఎత్తైన గోడలు. వాటి వెనక మట్టి నింపి, ఆ మట్టి మీద రోడ్డు పోసి ఉంటుంది. వాన నీళ్లు ఆ మట్టిలోకి దిగుతాయి. దిగినవి బయటికి రావాలి గనుక గోడ కట్టేటప్పుడే వరసగా పైపు ముక్కలు పెట్టి కన్నాలు వదులుతారు. వానాకాలం వాటిలో నుంచి ఎర్రటి నీళ్లు కారుతుంటే దారిన పోయేవాళ్లు గోడ చెడిపోయిందనుకుంటారు. నిజానికి కారకపోతేనే భయపడాలి. కన్నాలు మూసుకుపోతే వెనక నిలిచిన నీటి బరువు గోడను ముందుకు తోస్తుంది.

ఇది నాకు ముప్పయ్యేళ్లుగా తెలుసు. అయినా అంతకు ముందు ఏడాది అదే గోడ గురించి, అదే కాలంలో, నా చేతితో రిపోర్టులో రాసిన మాటలు ఇవి: "ఉత్తరపు గోడ పొడిగా ఉంది. ఎక్కడా తడి లేదు. పరిస్థితి బాగుంది." కింద నా సంతకం. ఆ మూడు మాటలు అట్లాగే ఉంటాయా, నేనే కొట్టేయాలా అన్నదే ఆ రోజు సంగతి. ఉద్యోగంలో నాకు ఇంకా నాలుగు నెలలు మిగిలి ఉన్నాయి. అప్పటిదాకా ఏ ఏడాది రాతనూ మరుసటి ఏడాది కొట్టేయవలసి రాలేదు. ఆ సంగతి కొత్తగా చేరినవాళ్లకు నేనే చెప్పుకునేవాణ్ణి.

తొమ్మిదింటికి చేరాం. ఇంజనీరు ముప్పై అయిదేళ్ల గుజరాతీ మనిషి, మా కంపెనీకి వచ్చి రెండేళ్లయింది. నాతో హిందీలో మాట్లాడేవాడు, కాకా అని పిలిచేవాడు. డ్రైవరు సూరత్‌లో మేముండే డిండోలి పేట వాడే, పెద్దపల్లి దిక్కు మనిషి. అతనూ కాకా అనే పిలుస్తాడు. అతనికి నోరు ఆగదు.

గోడ పైనుంచి దారం వదిలి గుండు వేలాడదీశాం. ఇక్కడి మేస్త్రీలు దాన్ని ఓళంబో అంటారు. డ్రైవరు నిచ్చెన మీద దారం పట్టుకున్నాడు, నేను కింద టేపుతో కొలిచాను. పోయినేడు గోడ పన్నెండు మిల్లీమీటర్లు ముందుకు ఉంది. కట్టినప్పటి నుంచీ దాదాపు అంతే. ఇప్పుడు ముప్పై ఒకటి వచ్చింది.

"మళ్లీ వేయండి కాకా," అన్నాడు ఇంజనీరు.

మళ్లీ వేశాం. ముప్పై ఒకటి. రెండు అడుగులు జరిగి మూడోసారి వేశాం. ముప్పై.

"కాకా, గోడ వంగిందా, నా చెయ్యి వంగిందా?" అన్నాడు పైనుంచి డ్రైవరు.

"నీ చెయ్యి మూడుసార్లు ఒక్క తీరుగ వంగదు. దిగు," అన్నాను.

పక్క గోడ అతుకు దగ్గరికి పోయి చూశాను. పోయినేడు గోరు దూరని సందు. ఇప్పుడు చిటికెన వేలు మొదటి గణుపు దాకా పోయింది. ఇంజనీరు ఫోటో తీసుకున్నాడు. నేను కన్నాల కోసం చూశాను. గోడకు సున్నం వేసి ఉంది, నిచ్చెన అందినంత ఎత్తు దాకా తెల్లగా, నున్నగా. ఒక్క కన్నం కనబడలేదు. రాత్రి అంత వాన పడినా ఒక్క చుక్క తడి లేదు.

గోడకు ఆనుకుని రేకుల షెడ్డు ఉంది. అందులో కండెలు చుట్టే మిషన్లు రెండు, గోడ పొడుగునా పేర్చిన దారం కోన్లు. షెడ్డు ఆమెకు యాభై దాటి ఉంటాయి. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిన వాళ్లు. భర్త రాత్రి పాళీ సాంచాల మీద చేస్తాడు, ఈమె పగలు కండెలు చుట్టి కార్ఖానాలకు ఇస్తుంది. తెలుగు మాట వినబడగానే బయటికి వచ్చింది.

"అచ్చినవా అన్నా! యాడాదికోపారి దేవునోలె కనవడ్తవ్. ఆగు, చాయ్ వెడ్త."

"చాయ్ తర్వాత గని, ఈ గోడకు కన్నాలుండాలె గదమ్మా. ఏవి?"

ఆమె నవ్వింది. పిల్లలు మంచి మార్కులు తెచ్చుకున్నప్పుడు తల్లులు నవ్వినట్టు.

"ఇంకేడ కన్నాలే అన్నా! అన్ని మూసినం. ముందుగాల గా ఎర్రనీళ్లు కారి కారి ఎన్ని కోన్లు ఖరాబైనయో. మరక వడ్డ దారం సేటు వాపస్ కొడ్తడు. సర్కారోడు బాగుచేస్తడా, చేయడు. మేమే చేసుకున్నం. చిందీ మెలివెట్టి, సిమెంట్ నీళ్లల్ల ముంచి, కట్టెతోని కొట్టి కొట్టి దూర్చినం. మీదికెళ్లి సున్నమేసినం. సూడు, సుక్క కారుతదా?"

చిందీ అంటే బట్టల కార్ఖానాల్లో మిగిలే గుడ్డపీలికలు. సూరత్‌లో అది దొరకని సందు లేదు. మా వాళ్లు తలుపు సందుకైనా, మిషను కాలి కిందికైనా, కారే కొళాయికైనా చిందీయే పెడతారు. నీళ్లు కారే గోడ చెడ్డ గోడ అని ఆమె అనుకుంది. చేతనైనంత శ్రద్ధగా బాగుచేసింది.

"ఎప్పుడు మూసిన్రు?" అని అడిగాను.

"కిందియి ఆరు పోయినేడు వానలల్లనే. గప్పుడు నువ్వచ్చినవ్ గద. గోడ మీద చెయ్యి వెట్టి, 'మంచిగున్నది, పొడిగున్నది' అంటివి. నేను మా ఆయనతోని గదే అన్న, ఇంజనీర్లే మంచిగున్నదన్నరు, ఇగ మీది వరుసలు గూడ మూద్దామని. నీ నోటి మాట మీదనే మీదియి పద్నాలుగు మూసినం!"

ఇంజనీరుకు తెలుగు రాదు. ఆమె గోడను, నన్ను మార్చి మార్చి చూపిస్తూ మాట్లాడడం చూసి, "ఏమంటోంది?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే డ్రైవరు హిందీలో అందుకున్నాడు. "ఏం లేదు సాబ్, కన్నాలు చిందీ పెట్టి మూసేశారట, నీళ్లు కారుతున్నాయని." తర్వాత నా దిక్కు తిరిగి తెలుగులో మెల్లగా, "ఊకో కాకా. గంతవరకే సార్‌కు కావాలె. నాలుగు నెలల్ల ఇంటికి పోయేటోనివి," అన్నాడు.

నేను ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణం అతను మాట అందుకున్నందుకు హాయిగానే అనిపించింది. చేయవలసిన పని కళ్ల ముందు చాలా ఉంది, మాటలు తర్వాత అని నాకు నేను చెప్పుకున్నాను.

ఇంజనీరు ఫోన్లు చేశాడు. గంటలోపు పైన పోలీసులు వచ్చి, ఈ గోడ మీద భారం పడకుండా, బరువు లారీలను హైవే అటువైపు వరుసలోకి మళ్లించారు. ఈలోగా మేం దారం కోన్లు ఎదుటి గోడ దగ్గరికి మోశాం. ఆమె గొంతు పెరిగింది.

"ఏంది అన్నా గిది! పోయినేడు మంచిగున్నదంటివి, గిప్పుడు తీసేయమంటవ్. సర్కారు గోడ కారుతాంటె బందు చేస్తె గూడ తప్పేనా?"

"తప్పు కాదమ్మా. ఎనుక నీళ్లు నిలవడ్డయి. బయటికి తొవ్వ లేదు. గోడను ముందటికి నూకుతున్నయి."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "కుక్కర్ సీటీకి గుడ్డ గట్టినట్టన్నట్టు?"

"గంతే."

"మరి గా మాట పోయినేడే చెప్పక!" అని లోపలికి పోయి భర్తను లేపింది. అతను లుంగీ ఎగ్గట్టుకుని, కళ్లు నులుముకుంటూ ఇనుప కొక్కెం పట్టుకుని వచ్చాడు. ఏమైందని అడగలేదు. రాత్రంతా సాంచాల మోతలో నిలబడి వచ్చిన మనిషికి ప్రశ్నలకు ఓపిక ఉండదు.

సుత్తితో సున్నం మీద కొడుతూ పోతే, ఒకచోట మోత మారింది. గీకితే పైపు అంచు కనబడింది. కొక్కెం దూర్చి అతను లాగాడు. ముందు సిమెంటు పెచ్చు రాలింది. తర్వాత చిందీ వచ్చింది, మెలితిరిగిన తాడులా, మూరెడు, రెండు మూరలు. గులాబీ రంగు చీర అంచులు, ఆకుపచ్చ పట్టీలు, జరీ పోగులు. చాలా నీటుగా దూర్చారు. కాంట్రాక్టర్లు అంత శ్రద్ధగా చేసిన పని నేను తక్కువ చూశాను. చివరి ముక్క ఊడగానే ఎర్రటి నీళ్లు చేయంత లావున దూకి ఎదురుగా నిలబడ్డ డ్రైవరు ఛాతీ మీద కొట్టాయి.

"నిన్ననే ఉతికిన అంగీ!" అని అరిచాడు.

"చిందీ ఇయ్యాల్నా, తుడుసుకుంటవా?" అంది ఆమె.

అందరం నవ్వాం. ఇంజనీరు కూడా, మాట అర్థం కాకపోయినా.

మధ్యాహ్నం రెండింటికి ఇరవై కన్నాలూ తెరిచాం. కింది వరుస చాలాసేపు ధారగా పారింది, తర్వాత సన్నబడింది. నాలుగింటికి మళ్లీ గుండు వేశాం. ముప్పై ఒకటి. వెనక్కి పోలేదు, పోదు కూడా. కానీ పెరగలేదు. అప్పటికి అదే చాలు. నాలుగు రోజులు రోజుకు రెండుసార్లు కొలవాలని, పెద్ద ఇంజనీర్లు వచ్చి చూసేదాకా లారీలు అటువైపే పోవాలని రాసుకున్నాం.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఇంజనీరు కాగితాలు సర్దుకుంటూ, "పోయినేడు మీరు పరిస్థితి బాగుందని రాశారు. అంటే అప్పటికి మూయలేదన్నమాట. ఈ ఏడాదే మూశారు," అన్నాడు. అది ప్రశ్న కాదు. నా మీద గౌరవంతో తానే సమాధానం కూడా చెప్పుకున్నాడు. డ్రైవరు అద్దంలో నన్ను చూశాడు.

"ఊఁ," అన్నాను.

డిండోలిలో ఇంటికి చేరి, స్నానం చేసి, ముందటి ఏడాది డైరీ తీశాను. ఆ రోజు నాలుగు గోడలు చూశాం, ఇది నాలుగోది. ఎండ బాగా ఉంది. "షెడ్డు ఆమె చాయ్ ఇచ్చింది. గోడకు సున్నం వేశారు, శుభ్రంగా ఉంది" అని ఉంది. కన్నాలు లెక్కపెట్టినట్టు ఎక్కడా లేదు. మిగతా గోడల దగ్గర ఎన్ని సుత్తి దెబ్బలు కొట్టానో కూడా రాసుకునే మనిషిని, ఇక్కడ అసలు కన్నాలు ఉన్నాయా అని చూడలేదు. తడి లేని గోడ కంటికి ఇంపుగా ఉంటుంది. ఆమెకు నచ్చినట్టే నాకూ నచ్చింది. ఆమెకు తెలియదు, నాకు తెలుసు. ఇద్దరం చేసింది మాత్రం ఒకటే. పైగా నా మెప్పు విని ఆమె ఇంకో పద్నాలుగు మూసింది.

దీపాలు పెట్టే వేళ అయింది. నా భార్య వచ్చి, అంతసేపు ఒకే పేజీ చూస్తున్నానేమని అడిగింది. చెప్పాను. ఆమె మెంతికూర తెంపుతూ విన్నది.

"గా ఇంజనీరుకు తెల్వదా?"

"తెల్వది."

"తెల్వకపోతె ఏమైతది?"

"ఏం కాదు. గోడ కన్నాలు తీసినం. రిపోర్టుల ఈ యాడాది మూసిన్రని ఉంటది."

"మరి ఊఁ అన్నవ్ గద, ఇంకెందుకు బుగులు?"

"ఊఁ అన్నందుకే."

ఆమె కూర పక్కన పెట్టింది. లేచి ఫోను తెచ్చి నా ముందు పెట్టి వంటింట్లోకి పోయింది.

నేను ఫోను చేసేటప్పటికి ఇంజనీరు భోజనానికి కూర్చుంటున్నట్టున్నాడు, గిన్నెల చప్పుడు వినబడింది. పొద్దున షెడ్డు ఆమె అన్న మాటలు ఒక్కటి వదలకుండా హిందీలో చెప్పాను. పోయినేడు నేను వెళ్లేటప్పటికే ఆరు మూసి ఉన్నాయని, నేను లెక్కపెట్టలేదని, నా మాట విని మిగతావి మూశారని, జీపులో ఊఁ అన్నది తప్పని. డ్రైవరు నన్ను ఊరుకోమన్న సంగతి మాత్రం చెప్పలేదు. అది నా లెక్కలోది కాదు.

కోప్పడతాడనుకున్నాను. "పోనీండి కాకా" అంటాడేమోనని కూడా కొంచెం ఆశపడ్డాను. అతను ఆ రెండూ చేయలేదు.

"కాకా, పోయినేడు ఇంకా ఎన్ని గోడల గురించి పొడిగా ఉందని రాశారు?"

నేను ఆ మాట ఆలోచించనే లేదు. అప్పటిదాకా నా ఆలోచనంతా ఒక్క గోడ చుట్టూ, ఒక్క సంతకం చుట్టూ తిరిగింది. డైరీ పేజీలు తిప్పుతూ ఫోనులోనే లెక్కపెట్టాను. అయిదు. వాటిలో ఏ ఒక్కదాని దగ్గరా కన్నాల సంఖ్య రాసి లేదు.

"రేపు ఏడింటికి వస్తాను," అన్నాడు.

మరునాడు శనివారం, ఏడింటికి అయిదు నిమిషాల ముందే జీపు వచ్చింది. ఇంజనీరు పోయినేటి రిపోర్టు నకలు తెచ్చాడు. జీపు ముందు రేకు మీద పెట్టి "పరిస్థితి బాగుంది" అన్న వరుస కొట్టేశాను. పక్కన "కన్నాలు పరీక్షించలేదు" అని రాసి సంతకం పెట్టాను. అతనూ పక్కన సంతకం చేశాడు. దానికి అర నిమిషం పట్టింది. డ్రైవరు అంతా చూస్తూ నిలబడి, "చెప్తే ఇనవు గద," అని నాకు మాత్రమే వినబడేటట్టు అని బండి ఎక్కాడు.

దారిలో కడోదరా దగ్గర ఆగాం. కింది వరుసలో రెండు కన్నాల నుంచి సన్నగా నీళ్లు కారుతున్నాయి, తేటగా. గుండు వేశాం. ముప్పై ఒకటి. ఎదుటి గోడ దగ్గర కోన్ల మీద నీలం టార్పాలిన్ కప్పి, షెడ్డు ఆమె అప్పుడే మిషను తిప్పడం మొదలుపెట్టింది. నన్ను చూసి మిషను ఆపకుండానే, "అన్నా, ఈ పక్క గోడను మాత్రం జర పొగడకు!" అని అరిచింది.

అక్కడి నుంచి బార్డోలీ రోడ్డు పట్టాం. ఆ అయిదింటిలో మొదటి గోడ చెరకు తోటల మధ్య, ఒక కాలువ బ్రిడ్జిది. చుట్టూ షెడ్లు లేవు, సున్నం లేదు, మనుషులు లేరు. గోడ నల్లగా, పొడిగా ఉంది. పోయినేడు కూడా ఇట్లాగే ఉండి ఉంటుంది. ఇంజనీరు జీపులోంచి నిలువెత్తు ఇనుప చువ్వ తీసి నాకిచ్చాడు. మొదట కన్నాలు లెక్కపెట్టాను, పైకే, అతనికి వినబడేలా. పదకొండు. మొదటి కన్నంలో చువ్వ సగానికి పైగా దిగింది, నీళ్లు దిగడానికి గోడ వెనక వేసిన రాళ్లకు తగిలి టకటకమంది. అది సరిగా ఉంది. రాసుకున్నాను. రెండో కన్నంలో జానెడు పోయి ఆగింది. వెనక్కి లాగి చూస్తే చువ్వ కొనకు బంకమట్టి, తడిగా.

చువ్వను కొట్టి లోపలికి దింపడానికి ఇంజనీరు సుత్తి అందించాడు.